సందుగలోని పాత వాచీ అసలుదేనా?

నల్గొండలో ఎవరినైనా దారి అడిగితే ముందు గడియారం దగ్గరికి రమ్మంటారు. మహబూబ్‌నగర్‌లోనూ అంతే, క్లాక్ టవర్ అంటే చాలు, ఆటో అక్కడికి తీసుకుపోతుంది. హైదరాబాదు పోయినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు కూర్చోని వాళ్ళు మనలో తక్కువ. ఊరి గడియారాల సంగతి అట్లా ఉంచండి. మన ఇంట్లో సందుగ అడుగున, పాత దస్తీలో చుట్టి పెట్టిన చేతి గడియారం ఒకటి ఉంటుంది చూడండి, తాతదో, మామదో, నాయనదో. ఈ వేళ దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ఎందుకంటే ఈ మధ్య పాత వాచీలు కొనేవాళ్ళు ఊళ్ళల్లో తిరుగుతున్నారు. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అప్పటినుంచి ఆ వాచీలకు గిరాకీ పెరిగింది. గిరాకీతోపాటు మోసమూ పెరిగింది. "ఇది డూప్లికేటమ్మా, రెండు వందలకు ఇచ్చెయ్" అని ఒకడంటాడు. "డయలు పాడైంది, కొత్తది వేయించి ఇస్తా, తళతళలాడుతది" అని ఇంకొకడంటాడు. మొదటివాడు మన డబ్బు కాజేస్తాడు. రెండోవాడు వాచీనే పోగొడతాడు. ఆ రెండోది నా చేతులతో నేనే చేశాను గనక, ముందు ఆ సంగతి చెప్పుకుంటాను.

మా బాపు దగ్గర వాళ్ళ నాయన వాచీ ఉండేది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీది. స్విట్జర్లాండులో తయారై, బొంబాయి, కలకత్తా నగరాల్లో కంపెనీ వాళ్ళ దుకాణాల ద్వారా మన దేశమంతా అమ్ముడుపోయిన వాచీ అది. రైల్వేలోనూ పటాలంలోనూ దానికి మంచి పేరు. డయలు మీద "సోవార్ ప్రైమా" అని ఉండేది. సోవార్ అంటే మన సవారే, గుర్రపు రౌతు. తెల్లని డయలు ముసలిదై మీగడ రంగుకు తిరిగింది. అక్కడక్కడ టీ చుక్కలు పడ్డట్టు మచ్చలు. ఆరు అంకె మీద చిన్న గుండ్రంలో సెకన్ల ముల్లు వేరేగా తిరిగేది.

మా తమ్ముని పెండ్లి పెట్టుకున్నాం. బాపు ఆ మచ్చల వాచీతో పీటల మీద కూర్చుంటే బాగుండదని నాకు తోచింది. చెప్పకుండా తీసుకపోయి ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తర్వాత వాచీ వచ్చింది. పాలలాగా తెల్లగా ఉంది. సంబరపడి బాపు చేతికిచ్చాను. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, "ఇది మా నాయినది గాదు బిడ్డా" అన్నాడు. లోపలి మిషను అదేనని, మూత అదేనని ఎంత చెప్పినా, "ఉండొచ్చు బిడ్డా" అన్నాడు గాని మళ్ళీ చేతికి పెట్టుకోలేదు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అదే వాచీని భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. కంపెనీ అక్షరాలు వెంట్రుక సన్నంగా ఉండేవి, ఇప్పుడు గోడ మీద రాసినట్టు లావెక్కాయి. ఆరు కింద అంచున ఉండే "స్విస్ మేడ్" అన్న చిన్న మాట లేనే లేదు. నిమిషాల గీతలు అంకెలకు సూటిగా రాక పక్కకు జరిగాయి. డయలుకు రంగు వేయాలంటే ముందు పాత రంగును, పాత అక్షరాలను గీకి, కడిగి తీసేస్తారు. తీసేసింది ఇక ఏం చేసినా తిరిగి రాదు. మచ్చలున్న డయలు ఆ వాచీకి సాక్షి. ఆ సాక్షిని నేనే లేకుండా చేశాను.

ఇక అసలు విషయానికి వద్దాం. వాచీ మోడలు ఏదో, అసలుదో కాదో చూడాలంటే నాలుగు చోట్ల చూడాలి: డయలు, మూత, మిషను, ఆ తర్వాత ముళ్ళు, కీ బుడిపె, అద్దం. ఈ నాలుగూ ఒక్క మాట చెప్పాలి. ఒకటి ఒక ఊరు పేరు, ఇంకొకటి ఇంకో ఊరు పేరు చెప్పిందంటే ఎక్కడో ఏదో జరిగిందన్నమాట.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మోడలు పేరు సాధారణంగా డయలు మీదనే ఉంటుంది, మిషను మీద ఉండదు. హెచ్.ఎం.టి. సంగతే చూడండి. 1953లో బెంగుళూరులో యంత్రాలు తయారు చేయడానికి పెట్టిన ప్రభుత్వ కంపెనీ అది. 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టింది. మొదటి వాచీలను నెహ్రూగారే విడుదల చేశారు. ఆ తర్వాత మగవాళ్ళకు జనతా, పైలట్, జవాన్, కోహినూర్, పల్చగా ఉండే సోనా, ఆడవాళ్ళకు సుజాత, చూపు లేనివాళ్ళు వేలితో తడిమి టైము తెలుసుకునేందుకు బ్రెయిలీ వాచీ, ఇట్లా ఎన్నో వచ్చాయి. కాంచన్ అనేదానికి కీ ఇయ్యాల్సిన పని లేదు, చెయ్యి ఆడుతుంటే అదే తిరిగేది, వారం, తారీఖు కూడా చూపేది. అల్లుడికి కాంచన్ పెట్టలేదని అలిగిన పెండ్లివారి కథలు ఆ తరంవాళ్ళను అడిగితే చెబుతారు.

జనతాలోనూ పైలట్‌లోనూ ఉండేది కీ ఇచ్చే ఒకే రకం మిషను, 17 జూయెల్స్‌ది. దాని మీద సన్నటి అంకెల్లో 0231 అని నంబరు చెక్కి ఉంటుంది. అందువల్ల జనతా డయలు తీసి, నల్లరంగు వేసి, "పైలట్" అని అచ్చు కొట్టి పెడితే లోపల మిషను ఏమీ కాదనదు. పైలట్‌కు ఎక్కువ ధర వస్తుంది గనక ఇట్లాంటి పైలట్లు బజార్లో బోలెడు. మిషను అసలుదైనంత మాత్రాన వాచీ అసలుది కాదు. డయలును చూడకుండా పేరు చెప్పలేం, మిషనును చూడకుండా డయలును నమ్మలేం.

డయలు చూడటం నేర్చుకుందాం. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం మన దగ్గర ఉండదు. ఇప్పుడు ఫోనులో ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూస్తే సరిపోతుంది. కంపెనీ అచ్చయితే అక్షరాల అంచులు కోసినట్టుంటాయి, సిరా పక్కకు పాకదు. అంకెలకూ నిమిషాల గీతలకూ మధ్య ఎడం అన్ని వైపులా సమానంగా ఉంటుంది. అడుగున ఆరు దగ్గర ఉండే చిన్న అక్షరాలు సగం తెగిపోయి ఉన్నా, అసలే లేకున్నా అనుమానించాలి. కొన్నిటిలో కంపెనీ గుర్తు లోహంతో చేసి డయలుకు తాపి ఉంటుంది. ఆ చోట రంగుతో రాసి ఉంటే తాపినది ఎక్కడో రాలిపోయిందన్నమాట. నారింజ రంగు, రామచిలక పచ్చ, నెమలిపింఛం నీలం, ఇట్లా కండ్లు చెదిరే డయలు కనబడితే చాలామటుకు అది బొంబాయి వైపు పాత సామాన్లు ఏరి కూర్చి వేసిన రంగే. చూడ ముచ్చటగా ఉంటుంది, కాదనను. చీర మీదికి నప్పుతుందని కొనుక్కుంటే కొనుక్కోండి. తాతలనాటిదని మాత్రం కొనకండి.

అన్నిటికంటే పెద్ద గుర్తు వయసు. మనిషికి వెంట్రుకలు నెరిసినప్పుడు చేతులూ ముడతలు పడతాయి గదా. కేసు 50 ఏండ్లు అరిగి, కొమ్ముల దగ్గర ఇత్తడి కనబడుతూ ఉంటే, డయలు మాత్రం నిన్న కొన్నట్టు ఉంటే ఎట్లా నమ్మేది?

ఇత్తడి మాట వచ్చింది గనక మూత సంగతి చెబుతాను. చాలా వాచీల వెనక "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటుంది. దాన్ని చదివి వాచీ అంతా స్టీలేననుకుంటాం. ఆ మాటకు అర్థం వెనక మూత మటుకే స్టీలు అని. పైన కేసు ఇత్తడికి నికెలో, క్రోమియమో పూత వేసింది. పూత అరిగి పసుపు తేలితే, "అయ్యో డూప్లికేటు" అని బెదిరిపోనక్కరలేదు, అది వాడకం. అట్లాగే "గోల్డ్ ప్లేటెడ్" అంటే బంగారు వాచీ కాదు. పక్కన 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని రాసి ఉంటుంది. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. అంటే 10 మైక్రాన్ల పూత మిల్లీమీటరులో నూరో వంతు. అవుసులాయన దగ్గరికి తీసుకపోయి గీటు పెట్టిస్తే ఆ కాస్త పూతా గీటురాయికే అంటుకుంటుంది. నిజంగా బంగారు కేసయితే మూత లోపల 18 కేరట్లనో, 750 అనో ముద్ర ఉంటుంది.

17 జూయెల్స్ అంటే 17 కెంపులని, వాటిని తీసి అమ్ముకోవచ్చని మా ఊళ్ళో ఒక నమ్మకం ఉండేది. ఒకాయన రాళ్ళ కోసం మంచి వాచీని రాయితో పగలగొట్టాడని చెప్పుకునేవాళ్ళు. అవి కెంపులే గాని ఫ్యాక్టరీలో చేసిన కెంపులు, ఆవగింజ కంటే చిన్నవి. తిరగలి కొయ్య అరగకుండా కింద ఇనుప గుండు పెట్టినట్టు, చక్రాల ఇరుసులు అరగకుండా వాటిని పెడతారు. బయట వాటికి విలువ లేదు.

మిషను చూడాలంటే మూత తీయాలి. మనం తీయవద్దు, తెలిసినవాళ్ళతో మన ఎదుట తీయించాలి. లోపల కంపెనీ పేరు, మిషను నంబరు చెక్కి ఉంటాయి. డయలు మీద ఎన్ని జూయెల్సని ఉందో లోపల కూడా అన్నే ఉండాలి. స్క్రూల నెత్తి మీద గాటు చెదిరిపోయి ఉంటే చాలా చేతులు మారిందన్నమాట. మిషనుకూ కేసుకూ మధ్య సందు ఉండి, ప్లాస్టిక్ చుట్టో, కాగితమో కుక్కి ఉంటే అది వేరే వాచీ మిషను. డయలుకు వెనక రెండు చిన్న కాళ్ళు ఉంటాయి, అవి మిషను రంధ్రాల్లో దిగుతాయి. కాళ్ళు విరిచి గమ్ముతో అతికిస్తే ఆ డయలు ఆ మిషనుకు పుట్టింది కాదు.

మూత తీయకుండా మనమే కనిపెట్టగలిగేది ఒకటుంది. సెకన్ల ముల్లును చూడండి. కీ ఇచ్చే వాచీలో అది జారుతున్నట్టు కదులుతుంది, చెవి దగ్గర పెడితే సెకనుకు ఐదు సార్లు, గంటకు 18,000 సార్లు చప్పుడు వినబడుతుంది. సెకనుకొక్కసారి టక్కుమని దూకితే లోపల బ్యాటరీ మిషను ఉన్నట్టే. పాత కేసులో చవక బ్యాటరీ మిషను పెట్టి అమ్మినవి నేను చూశాను.

బ్యాటరీ మాటతోనే తారీఖులూ పట్టుకోవచ్చు. క్వార్ట్జ్ చేతి గడియారం ప్రపంచంలోనే మొదట అమ్మకానికి వచ్చింది 1969 డిసెంబరు 25న, జపాను సీకో కంపెనీది. డయలు మీద క్వార్ట్జ్ అని ఉన్న వాచీని చూపి, "మా తాత 1960లో కొన్నాడు" అంటే తాత పొరబడ్డాడో, మనవడు పొరబడ్డాడో. టైటన్ వాచీలు బజారుకొచ్చింది 1987లో. మన హైదరాబాదు ఆల్విన్ సంగతీ అంతే. 1942లో పెట్టిన ఆ కంపెనీ బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు చేసింది. వాచీల జోలికి వచ్చింది 1980లలోనే, సీకో వాళ్ళ సాయంతో. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆల్విన్ వాచీ మీ ఇంట్లో ఉంటే పారేయకండి, మన గడ్డ మీద తయారైన వాచీ అది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. హెచ్.ఎం.టి. రాకముందు వచ్చిన పాత స్విస్ వాచీలలో కొన్నిటికి చీకట్లో మెరిసేటందుకు అంకెల మీద, ముళ్ళ మీద రేడియం పూసేవాళ్ళు. మన ఇండ్లల్లో ఇప్పటికీ "రేడియం వాచీ" అంటాం. ఆ మెరుపు ఏనాడో పోయి, పూత గోధుమ రంగు పొడిగా మారి ఉంటుంది. మెరుపు పోయిందంటే రేడియం పోయిందని కాదు. దాని శక్తి సగానికి తగ్గాలంటే 1,600 ఏండ్లు పడుతుంది. అద్దం బిగించి ఉన్నంతవరకు దూరం నుంచి చూసుకుంటే భయపడేదేమీ లేదు. కాని అద్దం తీసి పిన్నీసుతో గీకడం, ఊదడం, పిల్లల చేతికి ఇవ్వడం మహా ప్రమాదం. ఆ పొడి కడుపులోకి పోతే ఎముకల్లో చేరి కూర్చుంటుంది.

ఇది ఎట్లా తెలిసిందంటే ఆడపిల్లల ప్రాణాల మీదుగా తెలిసింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఆరెంజ్ అనే ఊళ్ళో ఒక కంపెనీ ఉండేది. 1917 మొదలు వందలాది అమ్మాయిలు అక్కడ డయళ్ళకు రేడియం పూసేవాళ్ళు. కుంచె కొన సన్నగా ఉండాలని పెదవులతో మొన చేసుకునేవాళ్ళు. అట్లా చేయమని నేర్పిందీ పనిలోవాళ్ళే. కొన్నేండ్లకు దవడ ఎముకలు పుచ్చి, రక్తం విరిగి ఒక్కొక్కరే చనిపోయారు. 1927లో గ్రేస్ ఫ్రైయర్ అనే ఆమె, మరి నలుగురు కోర్టుకెక్కారు. అప్పటికే వాళ్ళలో కొందరు లేచి నిలబడలేని స్థితి. 1928లో కంపెనీ రాజీకి వచ్చి పరిహారం ఇచ్చింది. వాళ్ళ పేరు చెప్పుకోకుండా పాత వాచీల గురించి మాట్లాడటం నాకు మనసొప్పలేదు. 1960ల తర్వాత రేడియం బదులు ట్రిటియం వాడారు. అట్లాంటి డయలు అడుగున "స్విస్" అనే మాటకు అటూ ఇటూ "టి" అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన ముచ్చట.

మా మామగారు పడుచుతనంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ పనుల మీద మస్టరు రాసేవారు. ఆయన చేతికి జనతా వాచీ ఉండేది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ నీళ్ళు వదిలిన రోజున ఆ వాచీ పెట్టుకొనే పోయారని ఇంట్లో అందరూ చెబుతారు. ఆయన పోయినంక అత్తమ్మ దాన్ని సందుగలో పెట్టుకున్నది. మొన్నామధ్య పాత వాచీలు కొనే ఆయన ఒకడు వచ్చి, మూత తీయించి చూసి, "కీ బుడిపె కంపెనీది కాదు, సెకన్ల ముల్లు కాదు, అద్దం కాదు. డూప్లికేటు" అని తేల్చి పోయాడు.

ఆ ఒక్కమాటతో ఇంట్లో నిప్పు పడ్డది. 2009లో ఆ వాచీ ఆగిపోతే మా ఆయన తీసుకపోయి బాగుచేయించుకొచ్చాడు. మా బావగారు అది గుర్తుపెట్టుకొని, "అప్పుడే మారింది. అసలుది ఎక్కడ పోయిందో తమ్ముణ్ణి అడుగు" అని అత్తమ్మతో అన్నారు. మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అన్నదమ్ములు ఇరవై రోజులు మాట్లాడుకోలేదు. వాచీ ఎంత, దాని ధర ఎంత? అయినా తండ్రి వాచీ మార్చాడన్న మాట పడితే ఎవరు మోస్తారు?

నేనే అత్తమ్మను, బావగారిని వెంటబెట్టుకొని పోయాను. 2009లో బాగుచేసిన పెద్దాయన ఇంకా అదే చిన్న డబ్బాలో కూర్చుంటున్నారు. మేం ఆయన్ని చాచా అంటాం. సంగతి చెప్పకుండా, "చాచా, ఇది అసలుదేనా చూడు" అని చేతికిచ్చాను. ఆయన మూత తీసి ముందు మిషనును చూడలేదు, మూతను బోర్లించి లోపలి వైపు చూశారు. అక్కడ సూదితో గీసినట్టు సన్నగా మూడు గుర్తులున్నాయి.

"ఇది మా వాళ్ళ అలవాటమ్మా" అన్నారు. "వాచీ చేతికొస్తే లోపల తారీఖో, మా గుర్తో గీస్తం. మళ్ళ వస్తే మేం చేసిందే కాదే తెల్వాలె గద." మొదటి గుర్తు పక్కన 78. రెండోదాని పక్కన 86. మూడోది చూసి ఆయన నవ్వారు. "ఇది నా చెయ్యే. నేను కడిగి నూనె పెడితే సున్నా గీస్త. సామాను మారిస్తే సున్నాకు తోక పెడత. దీనికి తోక లేదు."

బావగారు గొంతు సవరించుకొని, "మరి బుడిపె ఎవరు మార్చిన్రు?" అని అడిగారు.

అప్పటిదాకా మాట్లాడని అత్తమ్మ అందుకున్నది. "ఎవరో ఎందుకురా, మీ నాయినే. నువ్వు ఏడో తరగతిల ఉన్నవు, కాల్వల ఈతకు పోయి మునగబోతివి గదా. నిన్ను గుంజుడుల వాచీ రాయికి కొట్టుకున్నది. అద్దం పలిగె, బుడిపె ఊడి నీళ్ళల్ల పాయె, సన్నముల్లు ఇరిగె. ఆ నెలల్నే మిర్యాలగూడకు పోయి చేపిచ్చుకొచ్చిండు."

లెక్క వేసుకుంటే అది 1986వ సంవత్సరం.

చాచా మిషను చూపించారు. హెచ్.ఎం.టి. గుర్తు, 0231 నంబరు, 17 జూయెల్స్, అన్నీ సరిగ్గా ఉన్నాయి. డయలు కాళ్ళు వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి. డయలు మీద హిందీ అక్షరాల్లో జనతా అన్న పేరు కాస్త మాసింది గాని కంపెనీ అచ్చే. కేసు, మూత ఒక జోడీయే. మారినవి మూడే: బుడిపె, సెకన్ల ముల్లు, అద్దం. "డూప్లికేటు గాదు, రిపేరు. రెండిటికీ చాన ఫరకున్నది" అన్నారాయన.

ఆ తేడాయే నేను చెప్పదలచుకున్నది. మోసం కోసం కూర్చింది వేరు, వాడకంలో అరిగి, విరిగి, బాగుచేసుకున్నది వేరు. 50 ఏండ్లు చేతికున్న వాచీకి అద్దం మారకుండా, బుడిపె మారకుండా ఉండటమే వింత. కొనేవాళ్ళు ఇది తెలిసీ "డూప్లికేటు" అన్న మాట వాడతారు, ధర తగ్గుతుందని. మారిన సామాను వల్ల ధర కొంత తగ్గేది నిజమే. కాని డయలు, మిషను, కేసు ఒకదానికొకటి పుట్టినవే అయితే అది అసలు వాచీయే.

ఇక 1967 సంగతి. ఇందిరాగాంధీ వచ్చిన రోజున ఆ వాచీ మామగారి చేతికి ఉన్నదా అంటే, ఆ మాట వాచీ చెప్పదు. అప్పటికి ఇట్లాంటి వాచీలు బజార్లో ఉన్నాయన్నంతవరకు నేను చెప్పగలను. అత్తమ్మను అడిగితే, "అది నేను కాపురానికి రాక ముందటి మాట, నాకేమెరుక" అన్నది. పెద్దవాళ్ళు తమకు తెలిసినంతవరకే చెప్పడం కూడా ఒక సాక్ష్యమే.

మూతలోని గీతలు అత్తమ్మ లేకపోతే మాకు ఒట్టి గీతలే. అందుకని మీకు ఒక మనవి. వాచీ ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎప్పుడు విరిగింది, ఎవరు బాగుచేశారు, ఏం మార్చారు, ఇవన్నీ ఇంట్లో అమ్మలకు, అత్తమ్మలకు గుర్తుంటాయి. వాళ్ళను కూర్చోబెట్టి అడిగి, ఒక కాగితం మీద తారీఖులతో రాసి వాచీ పక్కన పెట్టండి. రశీదు, గ్యారంటీ కార్డు, పాత డబ్బా, తెగిన పట్టీ, ఏది దొరికినా పారేయకండి. బాగుచేయించినప్పుడు మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. మూత తీసినప్పుడు లోపలి ఫోటో ఒకటి తీసుకోండి. రేపు వాచీ తిరిగొచ్చినప్పుడు అదే మిషను వచ్చిందో లేదో తెలుస్తుంది. వాచీని ఒక రోజు ఉంచి పొమ్మనే కొత్త మనిషికి ఇవ్వకండి. అమ్మదలిస్తే ఇద్దరు ముగ్గురికి చూపించండి, ఒకరన్న మాట ఇంకొకరికి చెప్పకుండా.

కేసుకు సానపెట్టించకండి, అంచులు కరిగిపోతాయి. చింతపండు, విభూది, టూత్‌పేస్టు ఇత్తడి చెంబులకు బాగుంటాయి, వాచీకి పనికిరావు. మెత్తటి పొడి బట్టతో తుడిస్తే చాలు. ఏండ్ల తరబడి ఆగి ఉన్నదానికి ఉత్సాహపడి కీ ఇయ్యకండి, లోపల నూనె ఎండి ఉంటుంది, చక్రాలు అరుగుతాయి. ముందు కడిగించి నూనె పెట్టించాలి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు, వేలికి బిగువు తగిలేదాకా ఇచ్చి ఆపాలి.

మా బావగారు ఆ రోజు డబ్బా దగ్గర ఏమీ అనలేదు. చాచాకు డబ్బులు ఆయనే ఇచ్చారు. తిరిగి వస్తూ తమ్మునికి ఫోను చేసి, "పొద్దుమీకి ఇంటికి రా, అమ్మ ఇక్కడనే ఉన్నది" అన్నారు.

వాచీ అత్తమ్మ దగ్గరే ఉంది. ఇప్పుడు సందుగలో పెట్టడం లేదు, దేవుని అలమార మీద పెట్టింది. పొద్దుటి వార్తలకు రేడియో పెట్టగానే కీ ఇచ్చి, ముళ్ళు కలుపుతుంది. రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంది. సరిచేయిద్దామంటే, "ఆయన గుడ యాళ్ళకు ఏనాడు ఇంటికొచ్చిండు గనక" అంటుంది.